మిగులు ద్రవం

సరే, మొద్దుబారిన చెయ్యి మనదేనని ఎలా తెలుస్తుంది? ఈ పొద్దున లేచేసరికి ఎడమచెయ్యి లేదు. ఉంది, దుప్పటి మీద పడి ఉంది, కానీ నాది కాదు. కుడిచేత్తో దాన్ని ఎత్తి, బస్సులో ఎవరో మరిచిపోయిన సంచీని పక్కకు జరిపినట్టు జరిపి, ఒళ్ళో పెట్టుకున్నాను. బరువుగా ఉంది. గోరువెచ్చగా కూడా ఉంది, అదే వింత. కాసేపటికి చీమలు పాకడం మొదలైంది. మోచేతి నుంచి వేళ్ళ దాకా పాకి, చివరకు చెయ్యిని నాకు తిరిగి అప్పగించి పోయాయి. పద్దెనిమిది రోజులుగా నేను ఎదురుచూస్తున్నది ఆ చీమల కోసమే. పిన్ని పోయి పద్దెనిమిది రోజులు. ఎక్కడా చీమ జాడ లేదు.

పిన్ని అంటున్నాను గానీ నన్ను కన్నది ఆవిడే. మా ఇంట్లో ఇదేమీ రహస్యం కాదు. వాళ్ళ అక్కకు పిల్లలు లేరు. నా ఆరో ఏట నన్ను ఆ అక్కకు ఇచ్చారు. అప్పటినుంచి పెద్దమ్మ అమ్మ అయింది, అమ్మ పిన్ని అయింది. ఇళ్ళ మధ్య నాలుగు వీధుల దూరం. ఎవరికీ అన్యాయం జరగలేదు, ఎవరూ ఏడవలేదు, కనీసం నేను చూస్తుండగా ఏడవలేదు.

ఆఫీసులో ఎవరైనా "మీకు ఏమవుతారు?" అని అడిగితే "పిన్ని" అన్నాను. "అయ్యో" అని, పిన్నికి సరిపోయేంత బాధ ముఖం మీద పెట్టుకుని, తీసేసి, వెళ్ళిపోయారు. పిన్నికి ఒకరోజు సెలవిస్తారు. నేను ఆ ఒక్కరోజే తీసుకున్నాను. మర్నాడు వచ్చి 'బాష్పీభవనం' దగ్గర ఆపిన పని మళ్ళీ మొదలుపెట్టాను.

నా పని మాటలు. శాస్త్ర పదకోశం ఆఫీసులో రసాయనశాస్త్రం బల్ల నాది. రెండో అంతస్తులో పొడుగాటి గది, గోడ పొడవునా ఆరు కార్డు బీరువాలు, సొరుగు లాగితే కర్రా సిరా కలిసిన వాసన. ఒక్కో మాటకు ఒక్కో కార్డు. ముందువైపు ఆ మాటను ఏ భాషలో ఏమంటారో, ఎక్కడ పుట్టిందో, అడుగున మనం ఏమనాలో రాస్తాం. వెనకవైపు, ఎందుకు అలా అనాలో మూడు వాక్యాలు. కార్డు మీద పేరు ఉండదు, రాసినవాళ్ళ అంకె ఉంటుంది. నా అంకె ఏడు. రాసేవాళ్ళు సిరాతో రాయాలి, పరిశీలించేవాళ్ళు పెన్సిల్‌తో ప్రశ్న అడగాలి. పెన్సిల్ ప్రశ్న కింద సిరాతో జవాబు, తేదీ పడేదాకా కార్డు అచ్చుకు పోకూడదు. ఈ ఆఫీసులో మిగతా నియమాలన్నీ ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు తప్పినవే. ఈ ఒక్కదాన్నీ ఎవరూ తప్పలేదని అందరి నమ్మకం.

నేను తప్పాను. పందొమ్మిదేళ్ళ కిందట, ఒకే ఒక్కసారి. ఆ కార్డే ఇప్పుడు నా బల్ల మీద ఉంది. దాని పక్కన ఒక రబ్బరు ముక్క.

రబ్బరు డైరెక్టరు గారు ఇచ్చారు. పొద్దున రాగానే పిలిచారు.

"కూర్చోమ్మా. మందుల ఫ్యాక్టరీ ఉత్తరం చూశావా?"

"చూశాను సార్."

"సాయంత్రం అయిదింటికల్లా జవాబు వెళ్ళాలి. రేపు వాళ్ళ విచారణ కమిటీ ఆఖరిసారి కూర్చుంటుందట. నీకెందుకు శ్రమ అని నేనే రాసిపెట్టాను. సంతకం పెట్టు, చాలు."

ఆయన రాసినది నాలుగు వాక్యాలు. మా పదకోశంలోని మాట సరైనదేనని, అన్ని పరిశీలనలూ పూర్తయ్యాకే అచ్చయిందని, 'మిగులు' అంటే పారబోయవలసినది అని ఎక్కడా లేదని, జరిగిన నష్టానికి కార్మికుడి అజాగ్రత్తే కారణమని. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. ఆయన అబద్ధం ఎప్పుడూ మంచి దస్తూరితోనే రాస్తారు.

"కార్డు రెండువైపులా నకలు జతచెయ్యమన్నారు సార్" అన్నాను.

"అదే చెప్పబోతున్నాను." కార్డు తిప్పారు. "ఏమిటమ్మా ఈ పెన్సిల్ రాత?"

"ప్రశ్న."

"జవాబేదీ?"

"లేదు సార్."

ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకున్నారు. చాలాసేపు పట్టింది. "పందొమ్మిదేళ్ళు ఎవరూ చూడలేదు. ఇప్పుడు ఎందుకు చూడాలి? గోటితో పోయేదానికి గొడ్డలెందుకు? దీంతో ఒకసారి అలా అను." సొరుగులోంచి రబ్బరు తీసి కార్డు మీద పెట్టారు. "ఇది బయటపడితే నీ ఒక్కదానితో పోదు. ఆ పుస్తకం మొత్తం వెనక్కి రప్పిస్తారు. అర్థమైందా తల్లీ?"

అర్థమైంది. ఆయన ఇప్పటికి మూడుసార్లు నన్ను అమ్మా అనీ తల్లీ అనీ పిలిచి ఉంటారు. మన భాషలో ఆ మాటకు కరువు లేదు. కండక్టరు అంటాడు, కూరగాయలవాడు అంటాడు, దారి అడిగినవాడు అంటాడు. లోకంలో ఎవరినైనా అనవచ్చు.

జరిగింది ఇది. ఆ ఫ్యాక్టరీలో మందు పదార్థాన్ని వేడినీళ్ళలో కరిగించి, చల్లార్చి, స్ఫటికాలు కట్టనిస్తారు. వాటిని వడపోస్తే కిందకు ఒక ద్రవం దిగుతుంది. చూడ్డానికి నీళ్ళలా ఉంటుంది. కానీ అందులో ఇంకా బోలెడు పదార్థం కరిగి ఉంటుంది, ఆ చల్లదనం దగ్గర ఇక చిటికెడు కూడా పట్టనంత నిండుగా. దాన్ని పీపాల్లో దాచి మళ్ళీ కాచి చల్లారిస్తే మరో కాన్పు స్ఫటికాలు వస్తాయి. ఈ మధ్య అక్కడి ఇంగ్లీషు లేబుళ్ళన్నీ తీసి మన పదకోశం చూసి కొత్తవి అంటించారు. ఆ పీపాల మీద 'మిగులు ద్రవం' అని పడింది. వడపోత దగ్గరికి కొత్తగా వచ్చిన పనివాడు దాన్ని చదివి, అయిదు పీపాలూ మురుగుతొట్టిలోకి వదిలేశాడు. మూడు వారాల సరుకు. తప్పు వాడిదని తేలితే రేపు ఉద్యోగం పోతుంది. తప్పు మాటదని తేలితే పోదు.

కార్డు ముందువైపు అంతా నా చేతిరాతే. అప్పట్లో అక్షరాలు ఇప్పటికన్నా కుదురుగా ఉండేవి. ఫ్రెంచివాళ్ళు ఈ ద్రవాన్ని తల్లి నీరు అంటారు. స్పెయిన్‌వాళ్ళకు అది బహువచనం, తల్లి నీళ్ళు. జర్మన్లకు తల్లి క్షారజలం. చైనావాళ్ళు రెండక్షరాల్లో తల్లి, ద్రవం అని తేల్చేస్తారు. అరబ్బీలో తల్లి ద్రావణం. రష్యన్ మాట గర్భసంచికి వాడే మాటలోంచి వచ్చింది. ఇంగ్లీషులోనూ తల్లే. పుట్టుక అన్న గడిలో, ఇది శాస్త్రజ్ఞులు పెట్టిన పేరులా లేదని, ఉప్పూ సూరేకారమూ వండేవాళ్ళ నోటినుంచి వచ్చినట్టు తోస్తుందని రాశాను. పెనాల దగ్గర నిలబడి పొగకు కళ్ళు నలుపుకుంటూ ఎవరో అని ఉంటారు. తనలోంచి ఇంత తీసుకున్నాక కూడా, మళ్ళీ ఇవ్వడానికి పక్కన ఆగి ఉండేదాన్ని ఏమనాలో వాళ్ళకు ఆలోచించాల్సిన పని పడి ఉండదు.

ఆ వరస కింద, మనం ఏమనాలి అన్న గడిలో, నల్లసిరాతో, 'మిగులు ద్రవం'.

వెనక, నా మూడు వాక్యాలు. తల్లి అన్నది ఉపమానం, పరిభాషకు ఉపమానం అనవసరం. ఇంగ్లీషు మాటలోని తల్లి, మడ్డి లేక బురద అనే అర్థంగల వేరే మాట నుంచి వచ్చి ఉండవచ్చునని కొన్ని నిఘంటువుల అనుమానం. స్ఫటికాలు తీసుకున్నాక ఉండేది మిగులే.

ఎంత తెలివిగా రాశాను. ఒక్క వాక్యంలోనూ దొరకలేదు.

పన్నెండింటికి గడియారం తలుపు దగ్గర నిలబడ్డాడు. గడియారం అంటే మా అటెండరు. గోడ గడియారం ఆగిపోయి ఏళ్ళయింది. గంట గంటకూ టైము చెప్పే పని ఆయన తనంతట తాను నెత్తిన వేసుకున్నాడు.

"పన్నెండైంది. మీకోసం ఎవరో వచ్చారమ్మా. 'మాట రాసినవాళ్ళు కావాలి' అంటున్నాడు. ఏ మాట నాయనా, ఇక్కడ లక్షా ఇరవైవేలు ఉన్నాయి అన్నాను. 'నన్ను ముంచిన మాట' అన్నాడు. పంపించనా, లేరని చెప్పనా?"

"పంపించండి."

లోపలికి వచ్చినవాడికి నలభై అయిదు దాటి ఉంటాయి. ముంజేతుల మీద వెంట్రుకలు కాలిపోయి చర్మం నున్నగా మెరుస్తోంది. కుర్చీ అంచున కూర్చున్నాడు.

"ఏడో నంబరు మీరేనా అమ్మా?"

"నేనే."

"పుస్తకం వెనక చూపించారు, ఈ మాట ఏడో నంబరుది అని. ఏడో నంబరంటే మగమనిషి అనుకున్నాను. బట్టతల, కళ్ళజోడు."

"కళ్ళజోడు ఉంది" అన్నాను.

సగం నవ్వాడు. "నేను ఇరవై రెండేళ్ళు బాయిలరు దగ్గర చేశానండి. మోకాళ్ళు అరిగిపోయాయి. పెద్దసారు దయతలచి వడపోతకు మార్చాడు, సుఖంగా ఉంటుందని. సుఖం అనగానే నాకు అనుమానం రావాల్సింది. మా బావమరిది కూడా సుఖపడదామనే పెళ్ళి చేసుకున్నాడు."

నేను నవ్వలేదు. నవ్వకపోవడం తప్పని తెలిసింది, కానీ ముఖం దాకా రాలేదు. ఆయన పట్టించుకోలేదు.

"పది పీపాలండి. అయిదింటి మీద వ్యర్థ ద్రవం, అయిదింటి మీద మిగులు ద్రవం. ఇదివరకు ఇంగ్లీషులో ఉండేవి. నాకు రాదు. ఇంగ్లీషైతే ఎవరినైనా అడిగేవాణ్ణి. మన భాషలో ఇంతింత అక్షరాలతో రాసిపెట్టాక ఇంకా అడిగితే నామోషీ కదా. వ్యర్థమూ, మిగులూ, రెండూ పోయేవే అనుకున్నాను. మిగిలినదాన్ని ఎవరు దాచుకుంటారు? మా ఆవిడైతే మిగిలిన కూర మూడురోజులు దాస్తుంది. అది వేరే సంగతి, అది నామీద కోపంతో."

"వాసన ఏమీ రాలేదా?"

"ఏ వాసనా లేదు. తేటగా ఉంది. నీళ్ళే. అందులో సగం సరుకు ఉందటగా?"

"సగం ఉండదు. మూడోవంతు ఉండొచ్చు."

"తేటగా ఉంటే ఎలా తెలుస్తుందమ్మా?"

దానికి నా దగ్గర జవాబు ఉంది. చదువుకునే రోజుల్లో ఒకసారి నా గాజుపాత్రలో స్ఫటికాలు పడలేదు. అందరివీ పడ్డాయి. నాది మాత్రం తేటగా, ఖాళీగా, గంటసేపు అలాగే ఉంది. పారబోయబోతుంటే ల్యాబు అసిస్టెంటు ఆపి, గాజుకడ్డీతో పాత్ర లోపలి గోడను ఒక్కసారి గీరింది. పళ్ళు పులిసిపోయే చప్పుడు. గీరిన చోట తెల్లగా ఒక గీత, అక్కడినుంచి పాత్రంతా. ఇది ఈయనకు చెప్పలేదు.

"మా పాత మేస్త్రీ రిటైరై ఇంట్లో ఉన్నాడు" అన్నాడు ఆయన. "వెళ్ళి చెప్పుకుంటే ఏమన్నాడో తెలుసా? 'ఒరేయ్, అది తల్లిరా. తల్లిని పారబోసుకున్నావేంట్రా' అన్నాడు. వడపోతవాళ్ళు వాళ్ళలో వాళ్ళు అలాగే అనుకునేవాళ్ళట. లేబులు మీద అదే ఉంటే నేను ముట్టుకునేవాణ్ణా, మీరే చెప్పండి."

"మీకు నా దగ్గర ఏం కావాలి?"

"ఏమీ వద్దు. కమిటీకి మీరు రాసేది మీరు రాయండి. ఆ మాట పెట్టినప్పుడు మనసులో ఏం అనుకున్నారో తెలుసుకుందామని వచ్చాను. పారబొయ్యమనా, ఉంచమనా?"

కిటికీ బయట ఎవరో మెట్లు కడుగుతున్నారు. నీళ్ళు ఒక్కో మెట్టూ దిగుతున్నాయి.

"ఏమీ అనుకోలేదు" అన్నాను.

ఆయన తల ఊపాడు, ఆ జవాబు ముందే విన్నవాడిలా. "నేనూ కమిటీ ముందు అదే అన్నానమ్మా. ఏమీ అనుకోలేదని. అదే నా తప్పని రాసుకున్నారు." లేచాడు. లేవడానికి బల్ల అంచు పట్టుకోవాల్సి వచ్చింది. "వస్తాను. ఈ మోకాళ్ళు చూసి ఇంకొకడు పని ఇవ్వడు, అదొక్కటే దిగులు."

మెట్లు ఎలా దిగాడో విన్నాను. పక్కకు తిరిగి, ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ ఆనించి.

రెండింటికి తమ్ముడు ఫోన్ చేశాడు. తమ్ముడంటే పిన్ని కొడుకు. నన్ను ఇచ్చిన ఏడే పుట్టాడు. ఇచ్చినా ఇవ్వకపోయినా నేను వాడికి అక్కనే, ఆ మాట మారలేదు. మా ఇద్దరిమధ్య అంతా తేలిగ్గా ఉండటానికి అదే కారణం కావచ్చు.

"అక్కా, అన్నం తిన్నావా?"

"తిన్నాను." తినలేదు.

"అమ్మ మరణ పత్రానికి మునిసిపాలిటీ కాగితం నింపుతున్నానే. పిల్లలు ఎంతమంది అని ఉంది. ఒకరు అని రాశాను. కాగితాల ప్రకారం అంతేగా?"

"అంతే."

"నీకేం ఇబ్బంది లేదుగా?"

"లేదురా."

"ఉన్నా నాకు తెలీదులే. చిన్నప్పటినుంచీ నీది అదే ముఖం. అమ్మ అనేది, దాని ముఖం మూత గట్టిగా బిగించిన డబ్బారా, ఎవరికీ రాదు అని." నవ్వాడు. "సరే అక్కా, ఇక్కడ క్యూ కదులుతోంది" అన్నాడు.

మూత బిగించింది ఎవరో ఆవిడకు గుర్తుండేదా?

నాకు జ్ఞాపకం ఉన్నది దువ్వెన. మధ్యాహ్నం. గడప మీద ఆవిడ కూర్చుంది, ఒక మెట్టు కింద నేను. కడుపుతో ఉంది, అందుకని నా వీపుకూ ఆవిడకూ మధ్య ఆ కడుపు ఆనుతూ ఉంది. చిక్కులు తీస్తూ మామూలుగా అంది, "సాయంత్రం నుంచి నువ్వు పెద్దమ్మ దగ్గర ఉంటావు. ఆవిణ్ణి అమ్మా అనాలి. నన్ను పిన్నీ అనాలి. సరేనా?" సరే అన్నాను. "ఏదీ, అను." పిన్నీ అన్నాను. దువ్వెన ఆగింది. "మళ్ళీ అను." అన్నాను. "ఇంకోసారి." మూడోసారి ఎంత స్పష్టంగా అన్నానంటే, బడిలో పద్యం అప్పజెప్పినట్టు, శభాష్ అంటుందని వెనక్కి తిరగబోయాను. తల పట్టుకుని ముందుకు తిప్పేసింది. "కదలకు, పాపిడి వంకరపోతుంది" అంది. తర్వాత చాలాసేపు దువ్వింది. చిక్కులన్నీ పోయాక కూడా.

మనస్తత్వశాస్త్రం పుస్తకాలు నేను చాలానే చదివాను. ఒంటరివాళ్ళు వంట పుస్తకాలు చదివినట్టు, వండకుండా. ఆ వయసు పిల్ల ఏం చేస్తుందో వాటిలో ఉంది. పెద్దవాళ్ళు చెప్పినది చేసి, చేయడానికి అడ్డొచ్చేదాన్ని ఎక్కడో పెట్టి, పెట్టిన చోటు మరిచిపోతుందట. చదివి గీత గీశాను కూడా. చదివినదానివల్ల ఏ సొరుగూ తెరుచుకోలేదు.

ఆ కార్డు రాసిన రోజు వర్షం. అది మాత్రం బాగా గుర్తుంది. అప్పుడు గడియారం ఇంకా గడియారం కాలేదు, గోడది పనిచేస్తూ ఉండేది. తలుపులోంచి తల పెట్టి, "మీ అమ్మగారు వచ్చారు" అన్నాడు. వరండా బెంచీ మీద ఆవిడ తడిసిన గొడుగును కాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చుంది. ముఖం చూసి అనుకున్నాడు పాపం. నాకు ఆవిడ ముక్కే, ఆవిడ చుబుకమే. "అమ్మ కాదు, పిన్ని" అన్నాను, గదిలో అందరికీ వినపడేట్టు, స్పష్టంగా.

"ఏం రాస్తున్నావే?" అంది.

"మాటలు."

"ఏం మాటలు?"

"నీకు తెలియనివి. పని ఉంది పిన్నీ."

"చేసుకో. నేను ఊరికే వచ్చాను" అంది. గంటసేపు ఊరికే కూర్చుంది. వాన తగ్గలేదు. ఎప్పుడు వెళ్ళిందో చూడలేదు. బెంచీ కింద గొడుగు కార్చిన నీళ్ళు ఉన్నాయి, సాయంత్రం తుడిచారు. ఆ గంటలోనే ఈ కార్డు పూర్తిచేశాను.

కార్డు పరిశీలనకు వెళ్ళింది పెన్సిల్ మాస్టారి దగ్గరికి. బడిలో రసాయనశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. జేబులో మూడు పెన్సిళ్ళు, చెవి మీద ఒకటి. ఆ రోజు గదిలోనే ఉన్నారు, అటు మూల. నేను అన్నది విన్నారో లేదో తెలియదు. మర్నాడు కార్డు తిరిగి నా బల్ల మీదికి వచ్చింది. నా మూడు వాక్యాల కింద, గట్టిగా ఒత్తి రాసే ఆయన అక్షరాలతో:

'అందరికీ తల్లి అయినది మనకు మాత్రమే మిగులు ఎందుకైంది?'

జవాబు రాయడానికి కూర్చున్నాను. రెండురోజులు కూర్చున్నాను. మూడోరోజు అచ్చుకు వెళ్ళే పెట్టె నిండుతుంటే, కార్డును ముందువైపు పైకి ఉండేట్టు అందులో పడేశాను. వెనకవైపు ఎవరూ తిప్పరని తెలుసు. జవాబు వచ్చిందనే మాస్టారు అనుకుని ఉంటారు. లేదా అనుకోలేదేమో. ఆ తర్వాత నాలుగేళ్ళు బతికారు. ఎదురుపడ్డప్పుడల్లా "ఏమ్మా, ఏడూ, ఎలా ఉంది పని?" అనేవారు. ఆ ప్రశ్న ఊసు ఎత్తలేదు. పుస్తకం అచ్చయి వచ్చాక ఒకసారి మాత్రం ఆ పేజీ దగ్గర వేలు పెట్టుకుని కూర్చుని ఉండటం చూశాను.

"నాలుగున్నర" అని గడియారం చెప్పి వెళ్ళాడు.

సంతకం పెట్టాల్సిన ఉత్తరం ఎడమవైపు ఉంది, కార్డు మధ్యలో, రబ్బరు కుడివైపు. రబ్బరు తీసుకున్నాను. ముందుగా కార్డు మూల, ఎవరిదో పాత పెన్సిల్ మరక మీద రుద్ది చూశాను. శుభ్రంగా పోయింది. మెత్తని, మంచి రబ్బరు. తర్వాత ప్రశ్న మొదటి అక్షరం మీద పెట్టాను. 'అ' పోయింది. పొడి ఊదాను. అక్షరం లేదు. కానీ ఆ చోట గాడి ఉంది. ఆయన ఒత్తిడికి అట్ట లోపలికి దిగిపోయింది. కిటికీ వైపు వంచితే వెలుతురులో తెల్లటి 'అ' కనబడుతోంది. ఎడమచేతి వేలితో తడిమాను, పొద్దున చచ్చిపోయి బతికిన చేతితో. వేలికి తెలిసింది.

ఏదో కలుగుతుందని కాసేపు చూశాను. కలగలేదు. చీమలు రాలేదు, కళ్ళు తడవలేదు. వేలి కింద ఒక గాడి ఉంది, అంతే. అది ఉందని తెలియడానికి ఏడవక్కర్లేదు అనిపించింది. మెట్లమీద రెండు పాదాలూ ఆనించి దిగిన చప్పుడు గుర్తొచ్చింది. ఆయన ఎవరినీ ఏమీ అనలేదు. ఏమనుకున్నారు అని మాత్రం అడిగాడు. మాస్టారు అడిగింది అదే. బెంచీ మీద గొడుగు పట్టుకుని కూర్చున్నావిడ, ఏం రాస్తున్నావే అని అడిగినప్పుడు, బహుశా అదే అడిగింది.

ఏమీ అనుకోలేదన్నది నిజం కాదు. ఏమీ అనుకోకుండా ఉండటానికి మూడు వాక్యాలు రాశాను.

"అయిదుకు పది. నకలు తీయాలి కదమ్మా, మిషన్ వేడెక్కడానికే అయిదు నిమిషాలు పడుతుంది" అన్నాడు గడియారం తలుపు దగ్గర చెయ్యి చాపి. "డైరెక్టరు గారు రెండుసార్లు అడిగారు, రబ్బరు పని అయిందా అని. ఆఫీసులో ఇంత పెద్ద రబ్బరు పని ఏమిటో నాకు తెలీదు."

"ఒక్క నిమిషం ఆగండి."

"ఆగడానికేం, నాకు ఒక్కోసారి అదే పని."

రబ్బరును సొరుగులో పడేశాను. ఒక పెన్సిల్ తీసి, పోయిన 'అ' ను గాడి వెంబడే మళ్ళీ దిద్దాను. ఆయన అక్షరం ఆయనకు ఇచ్చేయాలి కదా. డైరెక్టరు గారి ఉత్తరాన్ని నాలుగుగా మడిచి పక్కన పెట్టాను. జవాబుగా కార్డు నకలు ఒక్కటే వెళుతుంది, చదువుకోగలిగినవాళ్ళు చదువుకుంటారు. ఏ నియమం తప్పిందో, ఎవరు తప్పారో, వెనకవైపే ఉంటుంది. అది అర్థం కావడానికి ఆ కమిటీలో ఎవరికీ రసాయనశాస్త్రం అక్కర్లేదు.

కలం మూత గట్టిగా బిగిసిపోయింది, పంటితో లాగితే గానీ రాలేదు. సిరా ఆరిపోయి ఉంటే బాగుండునని ఒక క్షణం అనుకున్నాను. ఆరలేదు. నిబ్బు అట్ట మీద గీరుకుంది. గరుకైన, పలుచని చప్పుడు. తలుపు దగ్గర గడియారం తల తిప్పి చూశాడు.

పెన్సిల్ ప్రశ్న కింద, సిరాతో, 'నా వల్ల' అని రాశాను. పక్కన ఏడు అంకె వేశాను. దాని పక్కన ఈరోజు తేదీ.